ములికి మాది, కాడ అడవిది

జర ఆ మొద్దు అటు జరుపుండ్రి పిలగాండ్లూ, పొగంత నా మొకానికే కొడుతున్నది. ఆఁ, గట్ల. ఇగ కూసోండ్రి, చెప్త.

మన చిన్నబిడ్డ పట్నంల ఆర్చరీ నేర్చుకుంటున్నది గద. పండుగకొచ్చుకుంట ఆ పొడుగు పెట్టె గూడ మోసుకొచ్చింది. పొద్దుగాల పెట్టె ఇప్పి, నల్లటి బాణం ఒకటి నా చేతిల పెట్టి, “తాతా, ఎనకట మన అడవిల బాణాలు ఏ కట్టెతోని చేసెటోళ్లు?” అని అడిగింది. ఇంట్ల ఇంతమంది ఉన్నరు, ఇన్నేండ్లల్ల ఒక్కరు అడగలె ఆ మాట. అందరు నన్ను ఇనుము సంగతే అడుగుతరు. కమ్మరోన్ని కద.

ఇనుము గురించైతె నేను తెల్లారేదాక చెప్త. కాని అంబు గురించి చెప్పాలంటె ఇనుముతోని మొదలుపెట్టొద్దు. కమ్మరోడు తన నోటితోని ఈ మాట అనుడు కష్టమే గని, అంబుకు పాణం కాడల ఉంటది, ములికిల కాదు. ములికి ఎంత పదునుగ సాగ్గొట్టినా, కాడ చెడ్డదైతె అది పోయి పొదలల్ల పడుతది. కాడ మంచిదైతె మొండి ములికి గూడ పోవాల్సిన తావుకే పోతది. మా కొలిమిల కూసోని నేను చూసింది ఇదే.

మా కొలిమి అమ్రాబాద్ గుట్టల మీద ఉండె. నల్లమల అంటె ఇటు మన నాగర్‌కర్నూల్ జిల్లా, కృష్ణ దాటితె అటు నంద్యాల, ప్రకాశం దాక పరుచుకున్న అడవి. మన్ననూరు దాటి లోపలికి పోతె అప్పట్ల అంత చెంచు పెంటలే. పెంట అంటె పెద్ద ఊరేం గాదు, నాలుగైదు గుడిసెలు, ఒక నీళ్ల చెలమ. ఆడికెల్లి చెంచులు మా తానికి ఇనుప పనికి వచ్చెటోళ్లు. పైసలు తక్కువ. తేనె, చిల్లగింజలు, ఇప్పపువ్వు, తపసి బంక తెచ్చి పెట్టి పని చేపిచ్చుకొని పోయెటోళ్లు. నేను తిత్తి ఊదెటోన్ని. ఆ పని జేసెటోనికి మాట్లాడే పనిలేదు, చూసే పని మస్తు ఉంటది.

ఒక సంగతి ఇనుండ్రి. సినిమాలల్ల చెంచోడంటె ఎప్పుడు విల్లు పట్టుకొని జింక ఎనక ఉరుకుతున్నట్టే చూపిస్తరు. మా కొలిమికి వచ్చిన పనిల ములికిలు తక్కువ. గడ్డలు తవ్వే కర్రలకు బిగిచ్చే ఇనుప మొనలే ఎక్కువ. నూలెగడ్డలు, అడవి పండ్లు, ఆకులు, తేనె, ఇవే వాళ్ల దినాం తిండి. ఏట దొరికిన నాడు దొరికినట్టు, లేని నాడు లేనట్టు. 1940 ఏండ్లల్ల వియన్నా నుంచి హైమెండార్ఫ్ అనే దొర వచ్చి ఈ పెంటలల్ల తిరిగి, 1943ల చెంచుల మీద పెద్ద పుస్తకం అచ్చు ఏసిండు. ఆయన గూడ ఇదే రాసిండట, ఏట కన్న గడ్డలు, పండ్ల మీదనే వీళ్ల బతుకు అని. అందుకే ఎవరన్న వచ్చి “చెంచులు అంటె ఏటగాండ్లు” అని ఒక్క ముక్కల తేల్చేస్తె నాకు కోపమొస్తది.

సరే, అంబు సంగతి. పైపెంట దిక్కు నుంచి ఒక పెద్ద చెంచాయన వచ్చెటోడు. మా నాయిన ఆయనను మామా అనెటోడు, నేను తాతా అనెటోన్ని. ఆయన ములికిలు చేపిచ్చుకుందామని వచ్చినప్పుడు చంకల కాడల కట్ట గూడ ఉండేది. మా నాయిన ములికిలు కొట్టి, ఆకురాయి పట్టి, నిగనిగ మెరిసేటట్టు చేసి ముందర పెట్టెటోడు. ఆయన పదును దిక్కు చూడకపోవు. ఒక్కొక్క ములికి అరచేతిల ఏసుకొని, ఎగరేసి పట్టుకొని, దీనికి ఈ కాడ, దానికి ఆ కాడ అని పక్కపక్కన పెట్టుకుంట పోయెటోడు. రెండు మూడు ఎనక్కి నెట్టెటోడు. మా నాయినకు ఎక్కడ లేని కోపం. “పదును చూడవేంది మామా?” అంటె, “పదును ఆకురాయి మీద ఎప్పుడన్న పడతది అల్లుడా. బరువు కాడకు కుదరాలె” అనెటోడు.

ఆ మాటల ఎంత లెక్క ఉన్నదో నాకు అప్పుడు తెల్వదు. తర్వాత చెప్త.

మొదలు ఏది కాడ కాదో చెప్త. మీ తాతలు, నేను, అందరం చిన్నప్పుడు జొన్న దంటుతోని బాణాలు చేసుకున్నోళ్లమే. దంటు తేలిక, సక్కగ ఉంటది, కోసుడు అలకన. కాని లోపలంత బెండు. నారి మీద పెట్టి జర గట్టిగ గుంజితె ఎనక గాడి పలుగుతది. కంది కట్టె దానికన్న గట్టిది, కాని సక్కగ ఉన్న కంది కట్టెను ఎవడన్న చూసిండా? ప్రతి కొమ్మ తావుకు ఒక వంకర. రెల్లు కాడ సన్నగ అందంగ ఉంటది, పిట్టల మీదికి, ఉడతల మీదికి పిలగాండ్లు ఏస్తరు. పెద్ద జీవాల మీదికి అది పనికిరాదు. ఆట వేరు, కూడు వేరు.

కృష్ణ ఒడ్డున, వాగులు కలిసే తావుల కిక్కస మొలుస్తది. అది రెల్లు కన్న లావు, లోపల బోలు, పైపొర గట్టి. కణుపుకు కణుపుకు నడిమిట్ల చాన పొడుగు సక్కగ వస్తది. దాంతోని మంచి అంబులు అయితయి, కాని దానికి ఒక లోటు ఉన్నది. బోలుగున్న కాడల ఇనుప ములికి తోక దిగ్గొడితె మొదటి దెబ్బకే చీరుకపోతది. అందుకని ముందర ఒక జానెడు గట్టి కట్టె పుల్ల చెక్కి, కాడల దూర్చి, నారతోని చుట్టి, ఆ పుల్లకు ములికి బిగిస్తరు. జీవానికి తగిలి ఆ పుల్ల ఇరిగినా కాడ మిగులుతది, ఇంకో పుల్ల పెట్టుకోవచ్చు. ఈ ఉపాయం మనోళ్లదే గాదు, రెల్లు జాతి కాడ వాడిన చాన దేశాలల్ల ఇట్లనే చేసిండ్రట. కిక్కస అంబు తేలిక కాబట్టి జోరుగ పోతది. కాని ఆ తేలికే దాని తప్పు గూడ. గాలి జర వీస్తె పక్కకు పోతది, అడవి పంది తోలు మీద పడితె లోపలికి దిగదు. తగిలి, దిగక, జీవం ఎల్లిపోయి ఏడనో కుళ్లి చస్తె అంతకన్న పాపం ఇంకోటి లేదని ఆ తాత అనెటోడు. నేను ఒప్పుకుంట.

ఇగ అసలు సంగతికి వస్తున్న. వెదురు.

నల్లమలల రెండు తీర్ల వెదురు ఉంటది. వాగుల పొంటి, నీడ ఉన్న తావుల ముండ్ల వెదురు, లావు లావు బొంగులు, లోపలంత బోలు. అది తట్టలకు, తడికెలకు, నిచ్చెనలకు. రెండోది సాధనపు వెదురు. గుట్టల మీద, రాళ్లల్ల, నీళ్లు తక్కువున్న తావుల మొలుస్తది. సన్నగ పెరుగుతది, గోడలు మందం. బాగ ఎండిన రాతి నేలల పెరిగిన దాని లోపల బోలే ఉండదు, గట్టి కర్ర లెక్కనే ఉంటది. పోలీసోళ్ల లాఠీలు దానితోనే చేసెటోళ్లు. నీళ్లున్న తావుల అదే జాతి మొలిచినా లోపల బోలుగ, మెత్తగ వస్తది. అందుకే తాత వాగు పక్కన ఎంత సక్కటి వెదురు కనపడ్డా చేయి పెట్టకపోవు. గుట్ట ఎక్కి రాళ్ల నడిమిట్ల గిడసబారిన పొదను ఎతుక్కునెటోడు. కష్టంల పెరిగినదే గట్టిగుంటది అని నేను అనుకునేటోన్ని. ఆయన మాత్రం అసుంటి పెద్ద మాటలు ఎన్నడు అనలె. “ఈడ నీళ్లు తక్కువ” అని ఊకునెటోడు.

వెదురు మొలక వానకాలంల లేస్తది. ఒక్క వానకాలంలనే దాని పొడుగంత పెరిగిపోతది, తర్వాత పొడుగు పెరగదు, లావు గూడ పెరగదు. ఇగ ముదురుడే. మొదటి ఏడు దాని మీద పొరలు అంటుకొని ఉంటయి, రంగు పచ్చిపచ్చిగ ఉంటది, ఎండినంక ముడుచుకపోతది. మూడో ఏడుకు పొరలన్ని రాలి, రంగు మారి, గోటితోని కొడితె ఖణేల్‌మంటది. అప్పుడు పనికొస్తది. మరీ ముసలిదైతె పెళుసు. ఒకే పొదల మొలక, పడుచుది, ముసలిది అన్ని కలిసి ఉంటయి కాబట్టి నడిమిట్ల దాన్ని ఎరిగి నరుకుడు గూడ ఒక ఇద్దె.

నరికే కాలం గూడ ఉన్నది. కార్తీకం దాటాలె, మాఘం లోపల కానియ్యాలె. వానకాలంల నరికిన వెదురుకు పురుగు ఎక్కువ పడుతది. మూడు నెలలల్ల కాడ నుంచి తెల్లటి పొడి రాలుతది, చేతిల పట్టుకుంటె పుటుక్కుమంటది. అమాస దినాలల్లనే నరకాలె అని గూడ తాత పట్టింపు. అమాసకు పురుగుకు సంబంధం ఉన్నదో లేదో గని, చలికాలంల నరికిన దానికి పురుగు తక్కువ పట్టుడు మాత్రం మా ఇంటి తడికెలల్లనే చూసిన.

నరికినంక ఎండల పెట్టొద్దు, పలుగుతది. నీడల పెట్టాలె. తాత గుడిసెల పొయ్యి మీద కట్టిన అటక మీద కట్టలు కట్టి పెట్టెటోడు. దినాం వంట పొగ తగిలి తగిలి అవి గోధుమ రంగుకు తిరిగేవి, పొగ పట్టిన దాన్ని పురుగు ముట్టదు. ఒక వానకాలం పొగల గడిచినంకనే వాటి మీద చేయి పెట్టుడు. ఇయ్యాల నరికి రేపు అంబు చేసెటోన్ని చూసి తాత నవ్వెటోడు.

కాడ సక్కగ చేసుడు చూసినవా బిడ్డా? అది చూడాలె. ఏ వెదురు గూడ పుట్టుకతోని సక్కగ ఉండదు, కణుపు కణుపుకు జర జర పక్కకు పోతది. నిప్పులు కాలి మంట ఆరి, ఎర్రటి బొగ్గులు మిగిలినప్పుడు, ఇదిగో ఇప్పుడు ఈ పక్కన ఉన్నయి చూడు, అసుంటి వాటి మీద కాడను తిప్పుకుంట కాపాలె. మంట తగలొద్దు, మాడుతది. కాగి కాగి పైన జర చెమట పట్టినట్టు మెరుస్తది. అప్పుడు తీసి, వంకర ఏ దిక్కు ఉంటె దానికి ఎదురు దిక్కు మెల్లగ వంచి, చల్లారేదాక గట్లనే పట్టుకోవాలె. తొందరపడి వదిలితె మళ్ల ఎనకటికే పోతది. మొదలు కణుపుల వంకర తీసి, తర్వాత నడిమిటివి తీస్తరు. అయినంక ఒక కన్ను మూసి కాడ పొడుగంత చూసుడు, బొటనవేలి గోటి మీద మొన ఆనిచ్చి గిర్రున తిప్పుడు. వంకర ఉంటె గోటికి కంపిస్తది. కండ్లకు దొరకని వంకర గోటికి దొరుకుతది.

పైపొర మాత్రం చెక్కొద్దు. వెదురు బలమంత ఆ పచ్చటి పైపొరలనే ఉంటది, నారలు ఆడ ఒత్తుగ ఉంటయి, లోపలికి పోయిన కొద్ది పలుచన. కణుపుల మీద ఉబ్బు ఉంటది గద, అది ఒక్కటే కత్తితోని గీకి నున్నగ చేస్తరు. పెద్ద బొంగును చీల్చి, బద్దలు తీసి, గుండ్రగ చెక్కి కాడలు చేసెటోళ్లు గూడ ఉండిరి. అవి సక్కగనే వస్తయి, కాని ఒక పక్క పైపొర, ఇంకో పక్క లోపలి పీచు, ఎండకాలం ఒక తీరు వానకాలం ఒక తీరు వంగుతయి. నాకు అవి నచ్చవు. తాతకు గూడ నచ్చకపోవు.

మొదలు దిక్కు ముందరికి, కొస దిక్కు ఎనకకు. అంటె వేరు దగ్గరి లావు భాగానికి ములికి, సన్నటి భాగానికి ఈకలు. బరువు ముందర ఉంటెనే అంబు సక్కగ పోతది. ఎనక నారి కూసునే గాడి యాడ కోస్తరంటె, కణుపుకు జర పైన. పొరపాటున కణుపు నడిమిట్ల గాని, కణుపు లేని తావుల గాని కోస్తె నారి తన్నిన తన్నుకు కాడ నిట్టనిలువున చీరుతది. గాడి కింద కణుపు ఉంటె ఆ చీలికను అది ఆపుతది. పైన సన్నటి నారతోని బిగిచ్చి చుట్టుతరు. మూరలు, గజాలు ఏం లేవు, పొడుగు కొలత ఒళ్లే. చాతి నడుమ కాడ ఆనిచ్చి, రెండు చేతులు ముందరికి చాపి, వేళ్ల కొసలు దాటి జర వచ్చినంత. ఎవరి అంబు వాళ్లకే. తాత అంబు నా విల్లుకు సరిపోదు.

ఇప్పుడు నేను తర్వాత చెప్త అన్న మాట.

కాడ ఎంత వంగాలె అనేదే అన్నిటికన్న పెద్ద లెక్క. తాత కాడ రెండు కొసలు పట్టుకొని, బొటనవేళ్లతోని నడుమ ఒత్తి చూసెటోడు. కొన్ని ఒక కుప్ప, కొన్ని ఇంకో కుప్ప, కొన్ని పొయ్యిల. నేను అడిగిన ఒకసారి, గట్టిగ ఉన్నది మంచిది కాదా అని. “మరీ గట్టిగుంటె ఎడమకు పోతది, మరీ మెత్తగుంటె కుడికి పోతది” అన్నడు. నాకు ఎంత ఆలోచించినా అర్థం కాలె. ఇప్పుడు ఈ బిడ్డ వచ్చి ఫోన్ల చూపిచ్చింది గద, నెమ్మదిగ తిప్పే సినిమా. నారి వదలంగనే అంబు సక్కగ పోదు. నడుమ వంగి, విల్లు కర్రను చుట్టుకొని, పాము లెక్క అటు ఇటు మెలికలు తిరుగుకుంట పోయి, కొంత దూరం పోయినంక సక్కగ అయితది. విల్లు కర్ర అడ్డమున్నది, దాని పక్కన నుంచి పోవాలె, అందుకే వంగుతది. 1930ల్లనే అమెరికల హిక్‌మన్ అనే శాస్త్రవేత్త జోరు కెమెరాతోని ఇది పట్టిండట. కాడ గట్టిదైతె వంగక కర్రకు తగిలి పక్కకు పోతది. మెత్తదైతె ఎక్కువ వంగి ఇంకో పక్కకు పోతది. విల్లు ఎంత బరువు గుంజుతదో దానికి తగ్గట్టు కాడ వంగాలె. ఇంకోటి, ముందర ములికి బరువైన కొద్ది కాడ ఎక్కువ వంగుతది. అందుకే తాత మా నాయిన కొట్టిన బరువు ములికిలను గట్టి కాడలకు, తేలిక ములికిలను మెత్త కాడలకు జత జేసెటోడు. మా నాయినకు అది పిచ్చితనం అనిపిచ్చింది, అసలైన లెక్క అదే.

ఈ బిడ్డ బాణం మీద 600 అని అంకె రాసి ఉన్నది, చూడుండ్రి. ఏంది బిడ్డా ఇది అంటె చెప్పింది. 28 అంగుళాల ఎడం మీద కాడను ఆనిచ్చి, నడిమిట్ల 880 గ్రాముల బరువు ఏలాడదీస్తె అది ఎంత కిందికి జారుతదో అంగుళంల వెయ్యో వంతులల్ల లెక్కగట్టి ఆ అంకె రాస్తరట. 600 అంటె అంగుళంల పది వంతులల్ల ఆరు వంతులు. అంకె పెరిగిన కొద్ది మెత్తన. తాత బొటనవేలు కొలిచింది దీన్నే. ఆయనకు అంకె లేదు, అంతే తేడా.

కట్టెతోని చేసిండ్రా అని అడిగినవు గద. చేసిండ్రు, వేరే దేశాలల్ల చాన చేసిండ్రు. అమెరికల పోర్ట్ ఆర్‌ఫర్డ్ సెడార్ అని ఒక చెట్టు, దాని కట్టె సక్కటి పోచతోని, తేలికగ, మంచి వాసనతోని ఉంటదట, ఇప్పటికి కట్టె బాణాలోళ్లకు అదంటె పాణం. వాళ్లు గూడ కాడను 26 అంగుళాల ఎడం మీద పెట్టి, 2 పౌన్ల బరువు ఏలాడదీసి, కాడ వంగుడు కొలిచి, దానికి సరిపోయే విల్లు బరువు లెక్కగడతరు. మన అడవిల అసుంటి కట్టె లేదు. చిరుమాను గట్టిది, గొడ్డలి కామకు దాన్ని మించింది లేదు, కాని బరువు. చరచి కర్ర వంగి లేస్తది, విల్లుకు బాగుంటది, కాడకు బరువే. టేకు పోచ సక్కగున్నా పెళుసు. వెదురు చేతికి దొరుకుతుంటె ఎవడు కట్టె చెక్కుతడు చెప్పు? చెక్కిన కట్టెల పోచ యాడనో పక్కకు దాటి ఉంటది, ఆడనే ఇరుగుతది. మొలిచిన కాడల పోచ మొదటికెల్లి కొస దాక తెగకుంట పోతది.

ఇంకో ముచ్చట ఇదే బిడ్డ చదివి చెప్పింది. 1991ల ఆల్ప్స్ కొండలల్ల మంచుల ఒక మనిషి పీనుగ దొరికిందట, ఐదు వేల ఏండ్ల పైన పాతది. వాని అంబులపొదిల 14 కాడలు ఉన్నయట. అందులకెల్లి పూర్తయినవి రెండే. మిగిలిన 12కు ములికి లేదు, ఈక లేదు, ఊరికె సాపు చేసి పెట్టుకున్నడు. వయ్‌బర్నం అని ఒక పొద చెట్టు కొమ్మలతోని చేసినవి. ఇంతకి ఆ మనిషి సచ్చింది గూడ అంబు దెబ్బకేనట, ఎడమ భుజంల రాతి ములికి చిక్కుకొని ఉన్నది, కాడ మాత్రం గుంజేసి ఉన్నది. అది ఇన్నంక నాకు తాత గుడిసెల అటక మీది కట్టలే యాదికొచ్చినయి. ఏటకు పోయెటోని దగ్గర కాడలు ఎప్పుడు మిగులు ఉంటయి. ములికి ఒక పూటల అయితది, కాడకు ఏడాది పడుతది.

ఈకల సంగతి తొందరగ చెప్పి ముగిస్త. నెమలి రెక్క ఈకలు, రాబందు రెక్క ఈకలు. తోక ఈకలు కాదు, అవి చూపుకే. ఒక అంబుకు కట్టిన ఈకలన్ని ఒకే పక్క రెక్కవి కావాలె, కుడివైతె అన్ని కుడివి, ఎడమవైతె అన్ని ఎడమవి, కలిపితె అంబు తిరగదు. నెమలిని 1963ల జాతీయ పక్షి చేసిండ్రు, దాన్ని ముట్టొద్దు. రాబందుల సంగతి ఇంకా అన్యాలం. పశువులకు నొప్పి తగ్గనీకి డైక్లోఫెనాక్ సూదులిస్తె, ఆ పశువు సచ్చినంక దాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి నూటికి తొంభైకి పైన సచ్చిపోయినయి. 2006ల ఆ మందును పశువులకు బంద్ పెట్టిండ్రు గని, అప్పటికే మా గుట్టల మీద ఆకాశం ఖాళీ అయింది. నా చిన్నప్పుడు సచ్చిన బర్రె మీద దిగే రాబందుల గుంపు చూస్తె భయమయ్యేది. మీరు ఒక్కటన్న చూసిండ్రా? లేదు.

ఈకలు, ములికి బిగించనీకి లక్క, నరం, నార. చెంచులు బంక ఏరి గిరిజన సొసైటీకి అమ్ముతరు కాబట్టి ఆ తపసి బంకతోనే అతికిస్తరని కొందరు అనుకుంటరు. తపసి బంక నీళ్లు తగిలితె ఉబ్బుతది, వానల తడిస్తె అంబు ముక్కలు ముక్కలు. లక్క ఏడి చేసి పోస్తె గట్టిపడుతది, నీళ్లకు ఉబ్బదు. ములికి తోకను ఎర్రగ కాల్చి కాడ నడిమి గుజ్జుల దిగ్గొట్టి, లక్క పోసి, పైన తడి నరం చుట్టుతరు. నరం ఎండిన కొద్ది బిగుసుకుంటది. మా కొలిమిల ఆ వాసన ఇంక నా ముక్కుల ఉన్నది.

ఎంత దూరం ఏసెటోళ్లు అని అడుగుతరు మీరు. సినిమా దూరం కాదు. పదిహేను ఇరువై అడుగులు, ఎక్కువైతె నలభై. చెలమ దగ్గర పొదల కూసుండి, గాలి ఎదురుగ ఉండేటట్టు చూసుకొని, దాదాపు పక్కకు వచ్చినంక ఏస్తరు. లేకుంటె కుక్కలు అడ్డగించినంక ఏస్తరు. అంత దగ్గర జోరు అక్కరలేదు. బరువైన వెదురు కాడ నెమ్మదిగ పోతది, కాని లోపలికి దిగుతది. నారి చప్పుడు గూడ తక్కువ, ఎందుకంటె నారి జోరంత బరువు కాడ తీసుకపోతది. తేలిక కాడైతె ఆ జోరు విల్లుకే మిగిలి, అది గలగలమని మోగుతది, జింక ఉలికిపడి తప్పుకుంటది. వెదురును మించిన కాడ ఏటకు లేదని నేను ఇప్పటికి అంట. కిక్కస దూరానికి, సాధనపు వెదురు పనికి.

తర్వాత వెదురుకే కరువొచ్చింది. కాగితం మిల్లుల లారీలు వచ్చి గుట్టలకు గుట్టల వెదురు కొట్టుకపోయినయి. మొలక, ముదురు, ముసలి అని ఎరిగి నరికే పనేమున్నది వాళ్లకు, అంత గుజ్జయ్యేదే కద. అదిగాక వెదురు పూత పడితె పొదకు పొద సస్తది. సాధనపు వెదురు కొన్ని పదుల ఏండ్లకు ఒకసారి గుట్టంత ఒకేసారి పూస్తది, గింజలు రాలుతయి, వెదురు బియ్యమని అవి ఏరుకొని వండుకున్నోళ్లం. తిన్నన్ని దినాలు బాగనే ఉంటది. తర్వాత గుట్టంత ఎండిన కర్రలు, మళ్ల కాడ తీసుకునే వెదురు రానీకి ఏండ్లు పడుతది.

ఏట గూడ బంద్ అయింది. 1972ల అడవి జంతువుల చట్టం వచ్చింది. 1978ల నాగార్జునసాగర్ శ్రీశైలం అడవిని అభయారణ్యం చేసిండ్రు, 1983ల పులుల ప్రాజెక్టుల కలిపిండ్రు. రాష్ట్రం ఇడిపోయినంక మన దిక్కుది అమ్రాబాద్ పులుల అడవి అయింది. జీవాలను కాపాడుడు మంచిదే, నేను దానికి ఎదురు మాట్లాడ. నాకు బాధ ఎందుకంటె, ఏటతోని పాటు కాడ ఎరిగే కండ్లు గూడ పోయినయి. ములికిలు చేపిచ్చుకునేటోళ్లు తగ్గిండ్రు, ఆ తర్వాత రాలేదు. తాత మనుమడు అడవి శాఖల వాచర్ పని చేసిండు. ఆయనకు పులి అడుగు చూసి వయసు చెప్పుడు వస్తది, కాడ తీసుడు రాదు.

పూర్తిగ పోలేదు లెండి. అహోబిలంల కనుమ నాడు పారువేట మొదలైనప్పుడు చెంచులు విల్లు ఎక్కుపెట్టి స్వామి పల్లకి దిక్కు అంబు ఇడుస్తరు. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లి చేసుకున్నడు కాబట్టి ఆయన వాళ్లకు బావనట. ఆ మర్యాద ఇంక నడుస్తున్నది.

ఇగ ఈ నల్ల బాణం. బిడ్డా, నీ కార్బన్ కాడ బాగున్నది, నేను దాన్ని తక్కువ చెయ్య. డజను తీసుకుంటె పన్నెండు ఒక్క తీరుగ ఉంటయి, వానకు ఉబ్బవు, ఎండకు వంగవు. పోటీల ఒక్క పాయింటుతోని గెలుపు ఓటములుండే తావుల వెదురు పట్టుకొని నిలబడుమంటె నిన్ను ఓడగొట్టినట్టే. రాజస్థాన్ అడవి బిడ్డ లింబారాం చిన్నప్పుడు వెదురు విల్లుతోనే ఏటాడినోడు. ఆయన 1988, 1992, 1996 మూడు ఒలింపిక్స్‌లకు పోయింది మాత్రం కొత్త విల్లు, కొత్త బాణాలతోనే. కాని రెండు సంగతులు యాదిల పెట్టుకో. కార్బన్ కాడ లోపల పగులు పట్టినా పైకి కనపడదు, ఏసేముందు ప్రతిసారి రెండు చేతులతోని జర వంచి, చెవి దగ్గర పెట్టుకొని చప్పుడు ఇను. పగిలిన దాన్ని ఏస్తె పోచలు పోచలుగ చీలి ఎడమ చేతిల దిగుతది. తాత గూడ వెదురు కాడను ఇట్లనే వంచి చూసినంకనే నారి మీద పెట్టెటోడు. రెండోది, కొన్న బాణం మీద అంకె రాసి ఉన్నదని బొటనవేలు మర్చిపోకు. విల్లు మారిస్తె కాడ గూడ మార్చాలె, ములికి బరువు మారిస్తె మళ్ల చూసుకోవాలె.

చివరికి ఒక పని చెప్త, మీరందరు చెయ్యాలె. రేపు పండుగ అయినంక శ్రీశైలం పోతమంటున్నరు గద. దర్శనం అయినంక ఆడ చెంచులక్ష్మి గిరిజన మ్యూజియం ఉన్నది, పోండ్రి. విల్లంబులు పెట్టిండ్రు. అందరు అద్దం ముందర నిలబడి ములికిలు చూసి ఎంత పదునో అనుకుంట పోతరు. మీరు ములికి దిక్కు చూడొద్దు. కాడకు కణుపులు ఎన్ని ఉన్నయి, ఏ కణుపుకు పైన గాడి కోసిండ్రు, లావు దిక్కు ముందర ఉన్నదా ఎనక ఉన్నదా, ఇది చూసి వచ్చి నాకు చెప్పుండ్రి. దారిల మన్ననూరు దగ్గర ఎవరన్న పెద్ద చెంచాయన వెదురు అంబు చేసి అమ్ముతె బేరమాడకుంట కొనుండ్రి. ఆ ధర ములికికి కాదు, ఏడాది పొగల పెట్టిన కాడకు.